ఛాసిస్ నంబరు, నాగసేనుడి రథం

ఎల్బీ నగర్ చౌరస్తా దాటి విజయవాడ రోడ్డు మీద వనస్థలిపురం ఆటోనగర్ వైపు వెళ్తే ఇనుము ఎన్ని జన్మలెత్తుతుందో కళ్ళారా చూడొచ్చు. ఒక షెడ్డు ముందు లారీ క్యాబిన్ ఒక్కటే నేల మీద ఉంటుంది. దాని పక్కన ఏ బండివో తెలియని కమాన్ పట్టీలు, తలుపులు, రేడియేటర్లు. ఇంకో షెడ్డులో ఇంజన్ దింపేసిన పికప్‌కి రంగు పడుతూ ఉంటుంది. ఇటు దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, సరూర్‌నగర్ గల్లీల్లోకి వస్తే ఇంటి గోడని ఆనుకుని, టైర్లలో గాలి పోయి, ఏపీ 11 అనో ఏపీ 29 అనో పాత నంబరు ప్లేటుతో ఏ టాటా 207 లాంటి బండో నిలబడి ఉంటుంది. ఈ ప్రాంతంలో ఇలాంటి బండ్లు ఉండటానికి కారణముంది. కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ దశాబ్దాలపాటు ఇక్కడివాళ్ళకి బతుకుతెరువు. మామిడి, బత్తాయి, పుచ్చకాయ ఏదొచ్చినా తెల్లవారుజామున నగరమంతా చేర్చింది ఈ చిన్న బండ్లే. 2021లో మార్కెట్‌ని బాటసింగారానికి తరలించారు.

అలాంటి బండిని ఇంటి ముందే, చేతిలో ఉన్న కొద్ది డబ్బుతో, ఆదివారాలు కూర్చుని మళ్ళీ రోడ్డెక్కించాలనుకునేవాళ్ళు ఉంటారు. అది నాన్న నడిపిన బండి కావచ్చు. దాని కిరాయి డబ్బుతోనే ఇంట్లో ఒక పెళ్ళి జరిగి ఉండొచ్చు. తుప్పు గోకడం మొదలయ్యాక ఒక్కో భాగమే బయటికి పోతుంది. క్యాబిన్ నేల రేకు చేతికి ఊడొస్తే కొత్త షీటు వేస్తారు. తలుపులు అడుగున తినేసి ఉంటే ఆటోనగర్‌లో వేరే బండివి వెతికి తెస్తారు. ఇంజన్ బోరుకి కూడా పనికిరాకపోతే సెకండ్ హ్యాండ్‌ది ఎక్కిస్తారు. తొట్టి మొత్తం కొత్తగా కట్టిస్తారు. అంతా అయ్యాక ఎవరో ఒకరు అడగనే అడుగుతారు: ఇన్ని మార్చాక ఇది మీ నాన్న బండేనా?

దీన్ని పనిలేని ప్రశ్న అని తోసెయ్యకూడదు. డబ్బు ముందు ఎక్కడ పెట్టాలి, పని ఎక్కడ ఆపాలి, దేన్ని దాచకూడదు అన్న మూడు నిర్ణయాలూ దీని జవాబు మీదే ఆధారపడి ఉన్నాయి. పైగా మన దేశంలో రెండు వేల ఏళ్ళుగా పండితులు కోపతాపాలతో వాదించుకున్న ప్రశ్న ఇది. వాళ్ళకి ఉదాహరణగా దొరికింది కూడా బండే.

హైదరాబాద్‌లో ఈ ప్రశ్న వేసుకోవడానికి చైతన్యపురిని మించిన చోటు లేదు. దిల్‌సుఖ్‌నగర్ పక్కనే, మూసీ ఒడ్డున, కోసగుండ్ల నరసింహస్వామి గుడి ఉన్న గుట్ట మీద బండరాతికి ఒక ప్రాకృత శాసనం ఉంది. బ్రాహ్మీ లిపిలో ఉన్న ఆ శాసనాన్ని విష్ణుకుండినుల కాలానికి చెందినదిగా, సుమారు 1,500 ఏళ్ళ కిందటిదిగా గుర్తించారు. అందులో గోవిందరాజ విహారం ప్రస్తావన ఉంది. అంటే 1591లో చార్మినార్ లేవడానికి వెయ్యేళ్ళ ముందే ఈ మూసీ గట్టున బౌద్ధ భిక్షువులు ఉన్నారు. ఇవాళ కోచింగ్ సెంటర్ల పిల్లలు, మెట్రో దిగి ఇళ్ళకి పోయే ఉద్యోగులు నడిచే నేల మీద ఒకప్పుడు ఏదీ నిత్యం కాదని బోధించిన మనుషులు తిరిగారు.

ఆ సంప్రదాయంలో పుట్టిన పాళీ గ్రంథం మిళిందపన్హ. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దంలో వాయవ్య భారతాన్ని ఏలిన గ్రీకు రాజు మినాండరే అందులో మిళిందుడు. పేరు వెనక మనిషంటూ ఎవరూ లేరన్న నాగసేనుడు అనే భిక్షువుని ఆయన నిలదీస్తాడు. నాగసేనుడు ఎదురు అడుగుతాడు: మీరు రథమెక్కి వచ్చారు కదా, ఆ రథం ఏది? ఇరుసా, చక్రాలా, కాడా, పగ్గాలా? ఏదీ కాదంటాడు రాజు. అన్నీ కలిపా? కాదు. ఇవి కాక వేరే ఏదైనా ఉందా? లేదు. మరి రథం ఎక్కడుంది? చివరికి రాజే ఒప్పుకుంటాడు: ఈ భాగాల ఆధారంగా వాడుకలో పెట్టుకున్న పేరు రథం, అంతే. మనిషీ అంతేనంటాడు నాగసేనుడు.

పికప్ ఛాసిస్ కింద పడుకుని పని చేసినవాళ్ళకి ఈ సంభాషణ పుస్తకంలో మాటలా ఉండదు. తొట్టి దించి, క్యాబిన్ ఎత్తి పక్కన పెట్టి, ఇంజన్‌ని గొలుసుకి వేలాడదీశాక, అక్కడ నిజంగానే బండి ఉండదు. రెండు పొడవాటి ఇనుప పట్టాలు, వాటిని కలిపే అడ్డ కమ్మీలు, చుట్టూ గుట్టలుగా సామాను. ఆ సాయంత్రం పక్కింటివాళ్ళు వచ్చి బండి ఏదన్నా అని అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు.

తుప్పు దగ్గర అనిత్యత్వం ఇంకా సూటిగా తెలుస్తుంది. ఇనుము, నీరు, ఆక్సిజన్ మూడూ కలిస్తే తుప్పు. అది అల్యూమినియం మీద ఏర్పడే పొరలా గట్టిగా అంటుకుని లోపలి లోహాన్ని కాపాడదు. గుల్లగా ఉబ్బి, ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమించి, పొరలు పొరలుగా రాలిపోతుంది. రాలిన చోట కొత్త ఇనుము బయటపడుతుంది, మళ్ళీ తుప్పు. విశాఖ ఉక్కు కర్మాగారానికి బైలడిల్లా గనుల నుంచి వచ్చే ముడి ఖనిజం హెమటైట్, అదీ ఐరన్ ఆక్సైడే. కొలిమిలో ఎంతో వేడి పెట్టి ఆక్సిజన్‌ని విడగొడితే ఇనుము వచ్చింది. గాలీ తేమా ఆ పనిని మెల్లగా తిరగేస్తున్నాయి. తుప్పు పట్టడమంటే ఇనుము తన గని స్థితికి తిరిగి పోవడమే. దాన్ని ఆపగలిగేవాళ్ళు లేరు, ఆలస్యం చెయ్యగలం.

హైదరాబాద్ సముద్రానికి దూరం కాబట్టి విశాఖ బండ్లతో పోలిస్తే ఇక్కడి బండ్లు కొంత అదృష్టం చేసుకున్నవే. అయితే 2020 అక్టోబర్ 13న కురిసిన వానకి సరూర్‌నగర్ చెరువు పొంగి కింది కాలనీలు మునిగినప్పుడు ఎన్నో బండ్లు నీళ్ళలో నిలబడ్డాయి. మునిగిన బండి పైకి ఆరిపోయినట్టే కనిపిస్తుంది. తలుపుల డొల్లలో, ఛాసిస్ పెట్టెలాంటి భాగాల లోపల చేరిన బురద మాత్రం తేమని పట్టి ఉంచుతుంది. ఏళ్ళ తర్వాత తుప్పు లోపలి నుంచి బయటికి వస్తుంది. పండ్లు మోసిన తొట్టిలో పుల్లటి రసం కారి, కడిగిన నీళ్ళు మూలల్లో నిలిచినా ఇదే గతి.

అందుకే మొదటి రోజు చెయ్యాల్సిన పని రంగు గురించి ఆలోచించడం కాదు, సుత్తి పట్టుకుని కిందికి దూరడం. ఛాసిస్ పట్టా పొడవునా, ముందు కమాన్ బ్రాకెట్ నుంచి వెనక కమాన్ దాకా, జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ పోవాలి. మంచి ఇనుము గణగణమంటుంది. తిన్న ఇనుము దగ్గర శబ్దం చచ్చిపోతుంది, పెచ్చులు ముఖం మీద రాలతాయి. అక్కడ స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా నొక్కాలి. లోపలికి దిగితే అది తుప్పు కాదు, కన్నం. తర్వాత చిన్న అయస్కాంతంతో క్యాబిన్ చుట్టూ తిరగాలి. అది పట్టుకోకుండా జారిపోయిన చోట రంగు కింద ఉన్నది రేకు కాదు, లప్పం. అంతకు ముందెవరో కన్నాన్ని లప్పంతో పూడ్చి, ఎమరీ కాగితం పట్టి, రంగు కొట్టి అమ్మారన్నమాట. చక్రాల పైన ఉండే వంపులు, తలుపుల అడుగు అంచు, బ్యాటరీ పళ్ళెం, రబ్బరు మ్యాటు కింద డ్రైవర్ పాదాలు ఆనే చోటు, ఈ నాలుగూ ఎప్పుడూ అనుమానించాల్సినవే.

ఇక్కడికి వచ్చేసరికి నాగసేనుడితో విభేదించిన వాళ్ళ మాట కూడా వినాలి. న్యాయ వైశేషికులు ఆయనకి గట్టి ప్రత్యర్థులు. భాగాలు వేరు, భాగాలున్న వస్తువు వేరు, రెండూ నిజమే అంటారు వాళ్ళు. వట్టి పేరు పాలు మొయ్యదు, పండ్లు మొయ్యదు, మోసేది బండి. ఈ వాదంలో బలముంది. కానీ దీనికి వాళ్ళు చెల్లించిన మూల్యం పెద్దది. గుడ్డలోంచి ఒక నూలుపోగు లాగేస్తే పాత గుడ్డ నశించి కొత్త గుడ్డ పుట్టిందని వాళ్ళు ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ లెక్కన ఒక్క బోల్టు మార్చినా నాన్న బండి పోయినట్టే, ప్రతి సర్వీసింగ్ ఒక మరణమే. బండి నిజమని నిలబెట్టబోయి దాన్ని క్షణానికొకసారి చంపుకున్నారు.

ఆశ్చర్యమేమిటంటే ఏ వస్తువైనా ఒక్క క్షణమే ఉంటుందనే బౌద్ధుల క్షణికవాదాన్ని అంత తీవ్రంగా ఖండించిన శంకరులు బండి విషయంలో దాదాపు వాళ్ళకి దగ్గరే ఉన్నారు. బ్రహ్మసూత్ర భాష్యం రెండో అధ్యాయం రెండో పాదంలో జ్ఞాపకం గురించి చర్చిస్తూ ఆయన ఒక మాట అనేస్తారు: బయటి వస్తువు విషయంలో ఇది అదేనా, దానిలాంటిదా అన్న సందేహం రావచ్చు. నిన్న చూసినవాడినీ ఇవాళ చూస్తున్నవాడినీ నేనే అన్న విషయంలో మాత్రం ఎవరికీ సందేహం రాదు. ఆయన పట్టుదల అంతా చూసేవాడి గురించి. కఠోపనిషత్తులోనూ శరీరమే రథం, ఆత్మ అందులో ప్రయాణించే రథి, బుద్ధి సారథి. అక్కడ రథం పాతదా కొత్తదా అన్న ప్రస్తావనే లేదు. నాగసేనుడు రథాన్ని విప్పి చూపించింది లోపల రథి లేడని చెప్పడానికి. ఉపనిషత్తు రథాన్ని ఎత్తింది రథి ఉన్నాడని చెప్పడానికి. రథం మాత్రం శాశ్వతం కాదని ఇద్దరూ చెప్పక చెప్పారు. వేదాంతులూ బౌద్ధులూ ఇంత నిశ్శబ్దంగా కలిసే చోట్లు తక్కువ.

ఎల్బీ నగర్‌లో సాగర్ రింగ్ రోడ్డు దగ్గర దక్షిణానికి చీలే దారి నాగార్జునసాగర్ పోతుంది. ఆ దారి చివర ఈ ప్రశ్నకి రాతి రుజువుంది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ ఆ ఆనకట్టకి శంకుస్థాపన చేశారు. లోయ మునగడానికి ముందే ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, ఇక్ష్వాకుల నాటి కట్టడాల్లో కొన్నిటిని విప్పి నాగార్జునకొండ మీదా, జలాశయం ఒడ్డున అనుపులోనూ తిరిగి కట్టారు. చోటు మారింది, అమరిక నిలిచింది. ఇవాళ వాటిని చూసేవాళ్ళెవరూ ఇవి నకలు అనుకుని వెనక్కి తిరగరు. వస్తువుల్లో దేనికీ సొంత స్వభావం లేదని చెప్పిన ఆచార్య నాగార్జునుడి పేరు ఆ కొండకే ఉండటం సంప్రదాయం మనకిచ్చిన కానుక. ఆయన మార్గంలో నడిచిన చంద్రకీర్తి ఏడో శతాబ్దంలో రథాన్ని ఏడు విధాలుగా వెతికాడు. భాగాలే రథమా, వేరా, భాగాల్లో ఉందా, కుప్పలో ఉందా, ఆకారంలో ఉందా అని. ఎక్కడా దొరకలేదు. అయినా వాడుకలో రథం రథమేనని, దాన్ని కాదనడం లేదని స్పష్టంగా చెప్పాడు. పాత బండ్లు బాగుచేసేవాళ్ళు తరచూ నమ్ముకునేది ఆకారాన్నే. బయటి రూపు తెస్తే చాలు, బండి వచ్చేసిందనుకుంటారు. చంద్రకీర్తి కొట్టేసిన వాటిలో ఆకారమూ ఉంది.

హైదరాబాద్‌కి ఈ చిక్కు తెలిసిన తీరు ఇంకొకటుంది. 1942లో సనత్‌నగర్‌లో మొదలైన హైదరాబాద్ ఆల్విన్ ఫ్రిజ్‌లు, గడియారాలు, బస్సు బాడీలే కాక 1980లలో జపాన్ నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో క్యాబ్‌స్టార్ అనే చిన్న లారీలూ చేసింది. తర్వాత ఆ ఫ్యాక్టరీ మహీంద్రా చేతికి వెళ్ళింది. అలాంటి బండిని ఇప్పుడు నిలబెట్టాలంటే కంపెనీ సామాను ఎక్కడ దొరుకుతుంది? పక్క బండి బ్రేకు సిలిండర్‌కి కొలత సరిచేసుకోవాలి, లేత్ మీద బుష్ తిప్పించుకోవాలి. ఏ కంపెనీ ముద్రా లేని చేతిపని ఒక్కో భాగంలో చేరుతుంది.

గ్రీకులకి కూడా ఇదే సమస్య ఓడ రూపంలో ఎదురైంది. ఏథెన్స్ వాళ్ళు థీసియస్ ఓడని కాపాడుతూ కుళ్ళిన పలకల చోట కొత్తవి వేసుకుంటూ పోయారని, అది అదే ఓడా కాదా అని తత్వవేత్తలు రెండుగా చీలిపోయారని ప్లూటార్క్ రాశాడు. 17వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో థామస్ హాబ్స్ ఒక మెలిక పెట్టాడు: తీసేసిన పాత పలకలన్నీ ఎవరో దాచి, అదే వరసలో ఇంకో ఓడ కడితే అప్పుడు అసలు ఓడ ఏది? యూరప్‌లో అది ఊహే. ఆటోనగర్‌లో రోజూ జరిగే వ్యాపారం. మీ బండి నుంచి ఊడదీసిన డిఫరెన్షియల్ ఇంకో బండి కిందికి వెళ్తుంది, ఎవరిదో తలుపు మీ బండికి వస్తుంది.

చట్టం ఈ చర్చని ఒక్క దెబ్బతో తేల్చింది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 122వది ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఇనుము మీద చెక్కి ఉండాలంటుంది. ఇంజన్ మార్చుకోవచ్చు, రిజిస్ట్రేషన్ అధికారికి తెలిపి ఆర్సీలో ఎక్కించుకోవాలి. కంపెనీ ఇచ్చిన మూల స్వరూపానికి విరుద్ధంగా బండిని మార్చడం మాత్రం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. 2021లో వచ్చిన స్క్రాపింగ్ నిబంధనల ప్రకారం బండిని ముక్కలు చేసేటప్పుడు ఛాసిస్ నంబరు ఉన్న ముక్కని కోసి వేరుగా భద్రపరుస్తారు. బండికి ప్రాణమంటూ ఉంటే ప్రభుత్వం దృష్టిలో అది ఆ జానెడు ఇనుము మీద ఉంది. అందుకే గోకేటప్పుడు ఆ భాగం మీద గ్రైండర్ పెట్టకూడదు. మెత్తని వైరు బ్రష్షుతో దులిపి, అక్షరాలు కనపడేలా ఉంచి, పైన పల్చగా గ్రీజు రాయాలి.

కానీ ఛాసిస్ నంబరు కూడా నాగసేనుడు చెప్పిన పేరే కదా! ఇక రిజిస్ట్రేషన్ నంబరు సంగతి చెప్పనే అక్కర్లేదు, రాష్ట్రమే మారింది. ఏపీ ప్లేటుతో పుట్టిన బండ్లు ఇంకా తిరుగుతున్నాయి, 2014 తర్వాత టీఎస్ వచ్చింది, 2024 మార్చి నుంచి కొత్త బండ్లకి టీజీ. పేరు ఇంత మారుతుంటే పేరుకి విలువెక్కడిది?

దీనికి సమాధానం మిళిందపన్హలోనే ఉంది, అదీ మామిడిపండ్ల ఉదాహరణతో. ఒకడు వేరేవాడి తోటలో మామిడిపండ్లు దొంగిలించి పట్టుబడతాడు. నేను వీడి పండ్లు తీసుకోలేదు, వీడు నాటిన టెంక వేరు, నేను కోసిన పండు వేరు అని వాదిస్తాడు. వాడు దోషేనా? దోషే అంటాడు రాజు. ఎందుకంటే ఆ టెంక లేకుండా ఈ పండు లేదు. నాగసేనుడికి కావలసింది అదే. ఒక్క కణమూ అదే కాకపోయినా, ఒకదాని నుంచి ఒకటి వచ్చిన వరస తెగనంతకాలం బాధ్యత తెగదు. కొత్తపేట మార్కెట్‌లో మామిడి బుట్టలెత్తిన హమాలీకి ఈ తర్కం ఎవరూ వివరించనక్కర్లేదు.

ఈ వ్యాసం చెప్పదలచింది ఇదే. పాత బండి అదే బండి అనిపించుకునేది లోహం వల్ల కాదు, రూపం వల్ల కాదు; దాని వరసని ఎవరు నిజాయితీగా మోస్తున్నారన్న దాని వల్ల. కట్టని చలానా, తీరని ఫైనాన్స్, ఎప్పుడో జరిగిన యాక్సిడెంట్, వరదలో మునిగిన సంగతి, ఇవన్నీ తలుపులు మార్చినా ఇంజన్ మార్చినా బండితోనే వస్తాయి. నాన్న బండి అని చెప్పుకునే హక్కు వాటన్నిటినీ ఒప్పుకున్నవాళ్ళకే ఉంది. ఆ వరసని మధ్యలో తెంపేది కొత్త రేకు కాదు, అబద్ధం.

లప్పం విషయం అందుకే ధర్మానికి సంబంధించినది. లప్పం చెడ్డది కాదు. గట్టి రేకు మీద చిన్న సొట్టని చదును చెయ్యడానికి పల్చటి పూత వెయ్యడం ప్రతి పెయింటరూ చేసే న్యాయమైన పనే. కన్నం మీద వేలి మందాన పూడిస్తే అది దాపరికం. లోపల తేమ చేరి తుప్పు మునుపటికంటే వేగంగా తింటుంది, ఒకరోజు గతుకులో పెచ్చు ఊడుతుంది. ఛాసిస్ మీద అదే పని చేస్తే ప్రాణాలు పోతాయి. తక్కువ డబ్బులో చెయ్యాలనుకున్నప్పుడు ఈ ప్రలోభం ఎక్కువ. వెల్డర్‌ని పిలిచి కుళ్ళిన రేకు కోయించి, కొత్త షీటు ముక్క అతికించడానికి అయ్యే ఖర్చులో చిన్న వంతుకే లప్పం డబ్బా వస్తుంది మరి.

నిజానికి ఇంటి దగ్గర చేసుకునే పనిలో ఖరీదైనది మనిషి శ్రమే, అది సొంతవాళ్ళదే. తుప్పు గోకడానికి వైరు బ్రష్షు, గ్రైండర్, కళ్ళద్దాలు, ముక్కుకి మాస్కు చాలు. గోకాక మిగిలిన తుప్పు మీద ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న ద్రావణం పూస్తే అది ఇనుప ఫాస్ఫేటుగా మారి పట్టుకుంటుంది. ఢిల్లీ కుతుబ్ మినార్ దగ్గరున్న ఇనుప స్తంభం 1,600 ఏళ్ళుగా నిలవడానికి అందులోని ఫాస్ఫరస్ వల్ల ఏర్పడిన పొరే కారణమని కాన్పూర్ ఐఐటీ ఆచార్యుడు ఆర్. బాలసుబ్రమణ్యం వివరించారు. హార్డ్‌వేర్ షాపు సీసాలో దొరికేది ఆ మూలకంతో చేసిన మందే. దాని మీద ప్రైమర్, కనీసం రెడాక్సైడ్, ఆ తర్వాతే రంగు. కింద పని చేసేటప్పుడు జాకీని ఒక్కదాన్నే నమ్మకూడదు, ఇటుకలు అసలే పెట్టకూడదు, గట్టి ఇనుప స్టాండ్లు ఉండాలి. డీజిల్ ట్యాంకు ఖాళీగా ఉన్నా దాని మీద వెల్డింగ్ పెట్టకూడదు, లోపలి ఆవిరి అంటుకుంటుంది. మిగిలిన డబ్బు ముందు బ్రేకులకి, ఆ తర్వాత స్టీరింగ్‌కి, కమాన్ బుష్‌లకి. రంగుకి చివర్లో.

మన గుళ్ళని బాగుచేసే పద్ధతిలో కూడా ఈ క్రమమే కనిపిస్తుంది. ఆగమాల ప్రకారం జీర్ణమైన ఆలయంలో పని మొదలుపెట్టే ముందు దేవుడి శక్తిని ఆవాహన చేసి బాలాలయంలో నిలుపుతారు. యాదాద్రిలో 2016లో అలా మొదలై, 2022 మార్చి 28న మహాకుంభ సంప్రోక్షణతో స్వామి దర్శనం మళ్ళీ ప్రధానాలయంలో మొదలైంది. గోడలు పడినా, మండపాలు మారినా, పూజ ఒక్క రోజు కూడా ఆగకూడదన్నది అందులోని పట్టుదల. హనుమకొండ వేయి స్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో విప్పేశారు. పనికిరాని రాళ్ళ చోట కొత్తవి చెక్కి, పునాది కొత్తగా వేసి, 2024 మార్చి 8న, మహాశివరాత్రి నాడు, మళ్ళీ తెరిచారు. కాకతీయుల మండపం కాదని ఎవరూ అనలేదు. పూరీలో అయితే మూలమూర్తుల కొయ్య దేహాలనే మారుస్తారు, చివరిసారి 2015లో నవకళేబరం జరిగింది. ఈ మూడు చోట్లా ఒక విషయం ఉమ్మడిగా ఉంది: ఏది మారిందో దాచరు. మారిందని చెప్పి, సంస్కారం చేసి, అందరి ముందు నిలబెడతారు.

వృథా చెయ్యొద్దన్న మాట ఇతర మతాల్లోనూ ఉంది. ఇస్లాంలో దుబారాని, ఇస్రాఫ్‌ని, ఖురాన్ గట్టిగా తప్పుపడుతుంది. ఈ నగరంలో ఎందరో ముస్లిం మెకానిక్కుల చేతుల్లో పాత సామాను మళ్ళీ పనికొచ్చేది అయ్యింది. జైనుల అపరిగ్రహం కూడా ఇటువైపే చూపిస్తుంది, అవసరానికి మించి కొత్తది పోగుచెయ్యొద్దని. బండి బాగుచేసుకోవడం వెనక ఉన్న పుణ్యం ఏదైనా ఉంటే అది ఇక్కడుంది.

అయితే ఆపాల్సిన చోటు కూడా ఉంది. చినిగిన బట్టలు విడిచి కొత్తవి కట్టుకున్నట్టు దేహి దేహాలు మారుస్తాడన్న గీతలోని పోలిక అందరికీ తెలుసు. దాన్ని బండికి తిప్పి చదివితే, విడవాల్సింది విడవడం కూడా జ్ఞానమే. ఛాసిస్ పట్టా స్టీరింగ్ బాక్సు దగ్గరో, కమాన్ బ్రాకెట్ల దగ్గరో తినేసి ఉంటే, దాని మీద పట్టీలు అతికించి లోడు ఎక్కించడం ప్రేమ కాదు, మోహం. ఆ బండి రేపు సాగర్ రోడ్డు మీద పోయేటప్పుడు వెనక వచ్చే బైకు మీద ఉన్న కుటుంబానికి మన జ్ఞాపకాలతో పని లేదు. 8 ఏళ్ళు దాటిన సరుకు బండికి ఏటేటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలన్న నిబంధన ఆ కుటుంబం కోసం పెట్టిందే. బండి వయసు పెరిగే కొద్దీ ఫీజులూ పెరుగుతాయి, అదీ సరైనదే. పరీక్షలో నిలబడలేని బండిని రిజిస్టరైన స్క్రాపింగ్ కేంద్రానికి ఇచ్చి, సర్టిఫికెట్ తీసుకుని, ఆర్సీ రద్దు చేయించుకుంటే ఆ ఇనుము కరిగి మళ్ళీ ఏదో బండిలోకి వస్తుంది. అదీ ఒక వరసే. గల్లీలో కుళ్ళబెట్టడమే దేనికీ చెందని స్థితి.

కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడి ముందు కొత్త బండ్లతో పాటు బాగుచేసి తెచ్చిన పాత బండికీ పూజ చేయించుకోవచ్చు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించుకోవచ్చు. దసరా ఆయుధపూజ నాడు ఆటోనగర్‌లో పానాలకీ, జాకీలకీ, వెల్డింగ్ మిషన్లకీ బొట్టు పెట్టే ఆచారానికి అర్థం అన్నం పెట్టిన పనిముట్టుకి రుణపడి ఉన్నామని. ఆ రుణం తీర్చే పద్ధతి ఏడాది పొడవునా ఉంది, ఖర్చు కూడా పెద్దగా లేదు.

ఇంటి ముందు అలాంటి బండి ఉన్నవాళ్ళు ఈ వానాకాలం రాకముందే ఒక పని చెయ్యండి. తలుపుల అడుగున నీళ్ళు పోయే కన్నాల్లో మట్టి పుల్లతో తీసెయ్యండి, తొట్టి మూలలు కడిగి ఆరబెట్టండి, సుత్తితో ఛాసిస్ ఒకసారి పూర్తిగా తట్టి చూడండి. గట్టిగా ఉంటే పని మొదలుపెట్టి, ఏ భాగం ఎప్పుడు ఎక్కడి నుంచి తెచ్చి వేశారో ఒక నోటు పుస్తకంలో రాసి ఆర్సీతో పాటు ఉంచండి. అమ్మాల్సి వస్తే బండితో పాటు ఆ పుస్తకం కూడా కొనేవాళ్ళ చేతికి ఇవ్వండి.